వేళ్ళ మీద లెక్కపెడితే తప్పా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక అమ్మకి జవాబిస్తూ, పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే కోప్పడకండి అని రెండు మాటలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు ఔనన్నారు, కొందరు గట్టిగా కాదన్నారు, ఇంకొందరు తమ ఇంట్లో లెక్కల గోలంతా రాసి పంపారు. అందుకని ఈసారి మొత్తం లెక్కలకే కేటాయించాను. ముప్పై ఒక్క ఏళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకటి నుంచి అయిదో తరగతి వరకూ పాఠం చెప్పినదాన్ని కాబట్టి, పిల్లల దగ్గర చూసిందే ఎక్కువ రాస్తాను. పేరు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకే ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు రెండో తరగతి. ఎనిమిదీ అయిదూ ఎంతరా అని అడిగితే చేతులు బల్ల కిందికి పోతాయి. పైకి తియ్యమంటే ఏడుపు. స్కూల్లో వేళ్ళు వాడితే స్కేలుతో వేళ్ళ మీదే కొడతారట. డైరీలో కూడా ‘ఇంకా వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు’ అని రాసి పంపారు. ఇప్పుడే ఇలా ఉంటే రేపు పెద్ద లెక్కలు ఎలా చేస్తాడని మా ఆయన ఒకటే టెన్షన్. ఈ అలవాటు ఎలా మాన్పించాలి?
ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, మాన్పించకండి. ముందు ఆ చేతులు బల్ల మీదికి రావాలి, మిగతాదంతా తర్వాత.

ఎందుకో చెప్తాను. ఎనిమిదీ అయిదూ కలపడానికి పిల్లలు ఒక్కసారిగా పదమూడు అనరు, దానికి మెట్లున్నాయి. మొదట్లో ఎనిమిది వేళ్ళు లెక్కపెట్టి, తర్వాత అయిదు లెక్కపెట్టి, వేళ్ళు చాలక తికమకపడి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. కొన్నాళ్ళకి ‘పెద్దది మనసులో, చిన్నది చేతిలో’ అనే మాట ఒంటబడుతుంది. అంటే ఎనిమిది మనసులో పెట్టుకుని, అయిదు వేళ్ళు తెరిచి, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు. ఇది చాలా పెద్ద అడుగు, పెద్దవాళ్ళకి కనపడదు అంతే. ఆ తర్వాత ఎనిమిదికి రెండు ఇస్తే పది, ఇంకా మూడు మిగిలాయి, పదమూడు అనడం వస్తుంది. ఆఖరికి అడగగానే నోటికి వస్తుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వాడే వేళ్ళు తగ్గిపోతుంటాయి, ఎవరూ మాన్పించక్కర్లేదు.

మీ అబ్బాయి ఏ మెట్టు మీద ఉన్నాడో నాకు తెలియాలంటే వాడి వేళ్ళే చూడాలి. పిల్లవాడి ఆలోచన బయటికి కనపడే చోటు అదొక్కటే. అది బల్ల కింద దాచేలా చేశాక వాడికి ఎక్కడ సాయం కావాలో టీచరుకీ తెలియదు, మీకూ తెలియదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నా తరగతిలో ఒక పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కాలి వేళ్ళు కదుపుకుంటూ లెక్కపెట్టేది. నేను ఏనాడూ కొట్టలేదు, అంతకుముందు ఎవరో కొట్టారు. ఆ పిల్ల చేతులు బల్ల మీదికి తేవడానికి నాకు ఒక టెర్మంతా పట్టింది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. స్విట్జర్లాండ్‌లో లోజాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ఒక అధ్యయనం వెలువరించారు. అయిదారేళ్ళ పిల్లల్లో వేళ్ళు వాడనివాళ్ళని తీసుకుని, వేళ్ళ మీద కూడికలు ఎలా చెయ్యాలో నేర్పించారు. నేర్పకముందు నూటికి 37 సరిగ్గా చేసినవాళ్ళు, నేర్పాక 77 దాకా చేశారు. అంటే వేళ్ళు వాడని పిల్లలు అన్నీ వచ్చేసి వాడటం లేదని కాదు, చాలామందికి వేళ్ళతో చేయొచ్చన్న ఉపాయమే తట్టలేదు. మనం తట్టినవాళ్ళని కొట్టి మాన్పిస్తున్నాం.

ఇంట్లో ఇలా చేయండి. రోజూ అన్నం తినే ముందు ఒక అయిదు నిమిషాలు, రెండు చేతులూ చాపమనండి. ఏడు వేళ్ళు చూపించు అనండి. మడిచినవి ఎన్ని? మూడు. ఆరు చూపించు, మడిచినవి నాలుగు. పదికి ఏది ఏదితో జతో చేతులే చూపిస్తాయి, వేరే పట్టిక అక్కర్లేదు. ఆ జతలు వచ్చాక, మన ఇళ్ళల్లో ఉండే చింతపిక్కలు పదేసి కుప్పలు పోయించండి. ఎనిమిదీ అయిదూ వేస్తే ఒక కుప్పా, మూడు పిక్కలూ. వారం పది రోజులు చాలు, వాడే చేతులు కదపడం తగ్గిస్తాడు. నాలుగో తరగతికి వచ్చినా ఇంకా ఒకటి నుంచే లెక్కపెడుతుంటే అప్పుడు కొంచెం పట్టించుకోవాలి, అప్పుడు కూడా తప్పు వేళ్ళది కాదు, పదుల కుప్ప ఇంకా బుర్రలో కుదురుకోలేదని అర్థం.

స్కేలు సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించి వేధించడం నిషేధం. తగువుకి వెళ్ళమని అనడం లేదు, మీరూ మీవారూ ఇద్దరూ వెళ్ళి, కూర్చుని, మా వాడు వేళ్ళు వాడటం మాకు ఇష్టమే, దయచేసి వాడనివ్వండి అని నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి. ఈ పేజీ కూడా తీసుకెళ్ళండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా మామ్మ బడికి వెళ్ళలేదు. పాల లెక్కా, జపం లెక్కా అన్నీ బొటనవేలితో కణుపుల మీద జరుపుతూ చేస్తుంది, ఎప్పుడూ తప్పదు. మాకు చిన్నప్పుడు ఒక్కో వేలికి ఒకటే నేర్పారు. ఈ కణుపుల లెక్క వివరంగా చెప్తారా? వేళ్ళ మీద గుణకారాలు కూడా చేస్తారని విన్నాను, నిజమేనా?
విజయనగరం

జవాబు: నిజమే బాబూ, మీ మామ్మగారి దగ్గర కూర్చుని నేర్చుకోవలసినంత విషయం ఉంది.

బొటనవేలు తీసేస్తే నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. బొటనవేలు జరుపుకుంటూ పోతే ఒక్క చేత్తోనే పన్నెండు వరకూ లెక్క. ఒక పన్నెండు అయ్యాక ఎడమ చేతిలో ఒక వేలు మడిస్తే, అయిదు వేళ్ళూ మడిచేసరికి అరవై. పది వేళ్ళతో పది దాకా లెక్కపెట్టే మనకి, అవే చేతులతో అరవై దాకా వెళ్ళొచ్చని తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఎడమ చేతిలో కూడా కణుపులే వాడితే పన్నెండు పన్నెండులు నూట నలభై నాలుగు.

జపానికి ఇంకో పద్ధతి. ఉంగరం వేలి మధ్య కణుపు దగ్గర మొదలుపెట్టి, కిందికి దిగి, చిటికెన వేలి మీదుగా పైకి వచ్చి, ఉంగరం వేలి కొస, మధ్య వేలి కొస దాటి, చూపుడు వేలు దిగుతూ ముగిస్తారు. మధ్య వేలి కింది రెండు కణుపులూ మేరువు అని వాటిని ముట్టరు. పన్నెండులో రెండు పోతే పది. పదులు రెండో చేత్తో గుర్తుపెట్టుకుంటూ పది సార్లు తిరిగితే వంద, ఇంకో ఎనిమిది కలిపితే నూట ఎనిమిది. మామ్మగారు ఎటు తిప్పుతారో గమనించండి, కొందరి పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది.

ఇక గుణకారం. తొమ్మిదో ఎక్కం అందరికీ తేలిక. పది వేళ్ళూ చాపి, తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు మడవండి. దానికి ఎడమన మూడు, కుడిన ఆరు. ముప్పై ఆరు. తొమ్మిది ఏడులకి ఏడో వేలు, ఎడమన ఆరు, కుడిన మూడు, అరవై మూడు.

ఆరు నుంచి తొమ్మిది దాకా ఏ రెండింటికైనా ఇంకో ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టమైంది. ఏడు ఎనిమిదులు ఎంత? ఏడంటే అయిదుకి పైన రెండు, ఎడమ చేతిలో రెండు వేళ్ళు మడవండి. ఎనిమిదంటే అయిదుకి పైన మూడు, కుడి చేతిలో మూడు మడవండి. మడిచినవి మొత్తం అయిదు, అవి పదులు, యాభై. తెరిచి ఉన్నవి ఎడమన మూడు, కుడిన రెండు, మూడు రెళ్ళు ఆరు. యాభై ఆరు. ఆరు ఆర్లు చేస్తే మడిచినవి రెండు, అంటే ఇరవై, తెరిచినవి నాలుగు నాలుగులు పదహారు, మొత్తం ముప్పై ఆరు. నాలుగో ఎక్కం వరకూ వస్తే చాలు, చేతులు తొమ్మిదో ఎక్కం దాకా తీసుకెళ్తాయి. మీరు డిగ్రీ కాబట్టి, ఎందుకు వస్తుందో మీరే తేల్చండి. మడిచిన వేళ్ళు క, గ అనుకుని 10(క+గ) + (5−క)(5−గ) విప్పితే (5+క)(5+గ) తేలుతుంది. తేలాక మామ్మగారికి కూడా చూపించండి.

ప్రశ్న: మా పాప ఇంగ్లీష్ మీడియం, మూడో తరగతి. స్కూల్లో ‘సెవెన్ సిక్స్ జా ఫార్టీ టూ’ అని చెప్పిస్తారు. నేను ఇంట్లో ‘ఏడు ఆర్లు నలభై రెండు’ అంటే అయోమయపడుతోంది. మా చిన్నప్పుడు సాయంత్రం బడి వదిలే ముందు ఇరవయ్యో ఎక్కం దాకా అందరం కలిసి అరిచేవాళ్ళం. ఇప్పుడు బట్టీ తప్పంటున్నారు. అసలు ఎక్కాలు బట్టీ పట్టించాలా వద్దా? ఏ భాషలో?
ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: పట్టించాలండీ. వేళ్ళని వెనకేసుకొచ్చిన నేనే ఈ మాట అంటున్నానేమిటి అనుకోకండి. ఎక్కం నోటికి రాని పిల్లకి అయిదో తరగతిలో భాగహారం నరకం, ప్రతి అడుగులోనూ ఆగి వెతుక్కోవాలి. కాకపోతే అర్థమయ్యాక బట్టీ. మూడు వరసల్లో నాలుగేసి జీడిపిక్కలు పేర్పించండి. పన్నెండు. ఇప్పుడు పాపని పక్కకి వచ్చి నిలబడమనండి, నాలుగు వరసల్లో మూడేసి కనపడతాయి, అదే పన్నెండు. మూడు నాలుగులూ నాలుగు మూళ్ళూ ఒకటేనని కళ్ళతో చూసిన పిల్లకి సగం భారం దిగిపోతుంది.

ఎంత భారమో లెక్కేద్దాం. పదో ఎక్కం వరకూ పది పదులు వంద మాటలు. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు ఎవరికైనా వస్తాయి. తొమ్మిది వేళ్ళ మీద వచ్చేస్తుంది. మిగిలినవి మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది. ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకటే కాబట్టి వాటిలో నిజంగా గుర్తుపెట్టుకోవలసినవి పదిహేనంటే పదిహేనే. మూడు మూళ్ళు దగ్గర మొదలై ఎనిమిది ఎనిమిదులతో ఐపోతాయి. రోజుకొకటి నేర్చుకున్నా సంక్రాంతి సెలవులు దాటేలోపు అయిపోతాయి.

మనం గుంపుగా అరిచిన పద్ధతిలో మంచి ఉంది, లయ వల్ల మనసులో నిలిచేది. ఇబ్బంది కూడా ఉంది, ఏడు ఆర్లు ఎంత అని అడిగితే ఏడు ఒకట్ల దగ్గర నుంచి ఎత్తుకోవలసి వచ్చేది. అందుకని వరస తప్పించి అడగండి. తిరగేసి కూడా అడగండి, నలభై రెండు ఎవరెవరి బిడ్డ అని. ఆరు ఏడులు అంటుంది, కొన్నాళ్ళకి పద్నాలుగు మూళ్ళు అని తనే కనిపెడుతుంది.

భాష గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఇంట్లో తెలుగులో ఆలోచించే పిల్లకి తెలుగు అంకెలు వరం. ఇరవై దాటాక అన్నీ అతుకు కనపడే మాటలు, ఇరవై మూడు అంటే ఇరవై, మూడు, అంతే. ఇంగ్లీషులో సెవెంటీన్, సెవెంటీ చెవికి దగ్గరగా ఉండి పిల్లలు 17 అంటే 70 రాయడం నేను కొన్ని వందల సార్లు చూశాను. స్కూల్లో ఇంగ్లీషులో చెప్పాలి కాబట్టి అదీ రావాలి. రెండూ నేర్పండి గానీ ఒకే పూట కలపకండి. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. మూడు నెలల్లో అయోమయం పోతుంది.

ప్రశ్న: అబాకస్ క్లాసులో చేర్పిస్తే పిల్లల బ్రెయిన్ డెవలప్ అవుతుందంటున్నారు. చేర్పించమంటారా?
శ్రీకాకుళం

జవాబు: పిల్లకి ఇష్టమై, ఫీజు మీకు భారం కాకపోతే చేర్పించండి. మన దగ్గర నేర్పేది ఎక్కువగా జపాన్ పద్ధతి, ఒక్కో కడ్డీకి పైన ఒక పూస, కింద నాలుగు. పైది అయిదు, కిందివి ఒకట్లు, అంటే మన చెయ్యి లాంటిదే. గుజరాత్‌లో వడోదర బడి పిల్లల మీద మూడేళ్ళు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూడికలు, తీసివేతలు లాంటి లెక్కలు బాగా మెరుగుపడ్డాయి, జ్ఞాపకశక్తి లాంటివి మాత్రం ప్రత్యేకంగా పెరగలేదు. కాబట్టి లెక్కల కోసం అయితే సరే, బ్రెయిన్ కోసం అని అప్పు చేసి కట్టకండి. చేర్పించలేకపోయామే అని బాధ అస్సలు వద్దు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను మెళియాపుట్టి మండలంలో టీచర్ని, కొత్తగా వచ్చాను. మా బడిలో అందరూ సవర గిరిజనుల పిల్లలే. పన్నెండు దాకా బాగానే చెప్తారు, తర్వాత తడబడతారు. ముప్పైలూ నలభైలూ వస్తే ఇంకా కష్టం. వాళ్ళ ఇంటి లెక్క వేరే అని ఊళ్ళో ఒక పెద్దాయన అన్నాడు గానీ నాకు అర్థం కాలేదు. ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది నీది. తడబాటు ఎక్కడ మొదలవుతోందో నువ్వు గమనించావు, పన్నెండు దగ్గర. కారణం కూడా సరిగ్గా అక్కడే ఉంది.

సవర భాషలో అంకెలు పన్నెండు దాకా వరసగా వెళ్తాయి. పదమూడుకి మనలాగా పదీ మూడూ కాదు, పన్నెండూ ఒకటీ అంటారు. పద్నాలుగు పన్నెండూ రెండూ, అలా పన్నెండూ ఏడూ అంటే పంతొమ్మిది. తర్వాత ఇరవై. అక్కడి నుంచి ఇరవైల లెక్క. ముప్పై అంటే ఇరవై పది. ముప్పై రెండు అంటే ఇరవై పన్నెండు. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. నలభై అంటే రెండు ఇరవైలు. తొంభై మూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఎనభై, పన్నెండు, ఒకటి కలిపి చూడు, సరిపోతుంది. పన్నెండునీ ఇరవైనీ ఇలా కలిపి లెక్కపెట్టే భాషలు ప్రపంచంలో చాలా అరుదు. భాషా శాస్త్రవేత్తలు ఎంతో ఆసక్తిగా చదివే లెక్క ఇది, అది నీ తరగతి గదిలో ఉంది.

ఇప్పుడు ఆలోచించు. తెలుగులో ముప్పై మూడు అనడానికి ఆ పిల్ల ఎంత పని చేస్తోందో. ఇరవై, పన్నెండు, ఒకటి విడదీసి, ముప్పై, మూడుగా మళ్ళీ కట్టుకుంటోంది. మనం దాన్ని తడబాటు అంటున్నాం.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సవర పిల్లల చేత వాళ్ళ అంకెలు బోర్డు మీద రాయించే బడి ఒక్కటైనా ఉంటే బాగుండునని నాకు ఎప్పటి నుంచో కోరిక. నువ్వు చెయ్యగలవు.

పద్ధతి ఇది. ఆ పెద్దాయన్ని ఒక రోజు బడికి పిలువు. ఆయన చేత ఒకటి నుంచి నలభై దాకా చెప్పించు, పిల్లలు వెంట చెప్పాలి, నువ్వు కూడా. పుల్లలతో పన్నెండేసి పుల్లల కట్టలూ, ఇరవయ్యేసి పుల్లల కట్టలూ కట్టించు. తర్వాత అవే పుల్లలు విప్పి పదేసి కట్టలుగా కట్టించు. ముప్పై మూడు పుల్లలు అక్కడ ఒక పేరుతో, ఇక్కడ ఒక పేరుతో ఉంటాయని, పుల్లలు మాత్రం మారవని వాళ్ళ చేతులకే తెలుస్తుంది. రెండు లెక్కలు వచ్చిన పిల్లలు అవుతారు. ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయి.

ప్రశ్న: మా మేనల్లుడికి పద్నాలుగేళ్ళు. సెలవు రోజుల్లో మా కూరగాయల కొట్లో కూర్చుంటాడు, కాలిక్యులేటర్ ముట్టడు, ఎంత బేరమైనా నోటితో చెప్పేస్తాడు. పరీక్షలో మాత్రం లెక్కలు తప్పు. బద్ధకమా, భయమా?
నరసన్నపేట

జవాబు: రెండూ కాదండీ. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో ఉన్నారు. బేరంలో క్లిష్టమైన లెక్కలు ఇట్టే చేసే పిల్లలు, అలాంటివే బడి పుస్తకం తీరులో ఇస్తే చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలకి సరిగ్గా ఎదురు, కాగితం మీద వచ్చు, బజార్లో రాదు. రెండు గదుల మధ్య తలుపు ఎవరూ తెరవలేదు.

ఆ తలుపు మీరు తెరవండి. కిలో ముప్పై అయిదు టమాటాలు, కిలోం ముప్పావు ఎంత అని అడగండి. వాడు ముప్పై అయిదు, దాంట్లో సగం పదిహేడున్నర, అందులో సగం ఎనిమిది ముప్పావు, మొత్తం అరవై ఒకటి పావు అంటాడు. వెంటనే ఒక కాగితం ఇచ్చి, ఇప్పుడు నోటితో అన్నది అన్నట్టే రాయమనండి. 35 + 17.50 + 8.75 = 61.25. దాని కిందే 35 × 1.75 అని మీరు రాయండి. ఇదే అదిరా అని చూపించండి. రోజుకి రెండు బేరాలు ఇలా కాగితం ఎక్కితే చాలు.

ప్రశ్న: అమ్మా, నేను డ్వాక్రా సంఘం సభ్యురాలిని. పిల్ల పెళ్ళికి బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చాను. బ్యాంకు వాళ్ళు పదకొండు శాతం అంటున్నారు. మూడు కంటే పదకొండు ఎక్కువ కదా, బయటదే మేలు అని ఇంట్లో అంటున్నారు. నాకు చదువు లేదు, మా అమ్మాయి చేత రాయిస్తున్నాను.
చీపురుపల్లి

జవాబు: అమ్మా, అడిగి మంచి పని చేశావు. ఈ లెక్క తెలియక ఎన్ని ఇళ్ళు మునిగాయో నేను చూశాను.

బయట మూడు రూపాయలు నెలకి. బ్యాంకు పదకొండు సంవత్సరానికి. నీ చేతి కణుపులు పన్నెండు, నెలలు పన్నెండు. ఒక్కో కణుపు మీద బొటనవేలు పెట్టి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అంటూ చిటికెన వేలి ఆఖరి కణుపు దాకా వెళ్ళు. ముప్పై ఆరు వస్తుంది. బయట నువ్వు కడుతున్నది ముప్పై ఆరు శాతం, బ్యాంకు అడుగుతున్నది పదకొండు. యాభై వేలకి బయట నెలకి పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. బ్యాంకుకి ఏడాదంతా అసలు అలాగే ఉంచినా అయిదు వేల అయిదు వందలు. నెలనెలా అసలు తీరుస్తుంటే ఇంకా తగ్గుతుంది.

పావలా వడ్డీ అన్న మాట సంఘంలో వినే ఉంటావు. నూటికి నెలకి పావలా, పన్నెండు పావలాలు మూడు రూపాయలు, అంటే ఏడాదికి మూడు శాతం. పావలా బిళ్ళ 2011 జూన్ తర్వాత చెల్లడం లేదు గానీ మాట మిగిలింది. ఇకపై ఎవరు వడ్డీ చెప్పినా నెలకా ఏడాదికా అని మొదట అడుగు. ఈ వారమే బ్యాంకు పని చూసుకో, బయట అప్పు ముందు తీర్చెయ్యి. ఉత్తరం రాసిన అమ్మాయికి కూడా ఈ కణుపుల లెక్క చేయించి చూపించు.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. వ్యవసాయం. కుంచం, అడ్డ, మానిక లెక్క నాకు నిద్రలో లేపినా వస్తుంది. మా మనవరాలు నాలుగో తరగతి, భిన్నాలు రావట్లేదని ఏడుస్తోంది. నా కొలతలతో నేర్పుదామంటే, పాత లెక్కలు నేర్పి గుంటని పాడు చెయ్యొద్దని మా కోడలు అంటోంది.
టెక్కలి దగ్గర పల్లె

జవాబు: అన్నగారూ, నేర్పండి. కోడలమ్మకి నా మాటగా చెప్పండి, కిలోలూ లీటర్లూ బడిలో ఎలాగూ వస్తాయి, భిన్నం అంటే ఏమిటో మాత్రం మీ చేతిలో ఉంది.

గిద్దకి రెట్టింపు అరసోల, దానికి రెట్టింపు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. అన్నీ రెట్టింపులే. అమ్మాయి చేత కింది నుంచి పైకి లెక్క కట్టించండి, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. కుంచానికి అరవై నాలుగు గిద్దలు. పై నుంచి కిందికి దిగితే సగం, సగంలో సగం పావు, పావులో సగం పరక, పరకలో సగం వీసం. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలన్నీ నాలుగుతో నడిచేవి, వాటికి వేరే గుర్తులే ఉండేవి, ఆ గుర్తులు ఇప్పుడు కంప్యూటర్ అక్షరాల్లో కూడా చేర్చారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసలు వచ్చే దాకా అణాల లెక్కా అంతే, పదహారణాలు రూపాయి, అణా అంటే రూపాయిలో వీసం.

పిల్లలందరూ ఒకే చోట పడతారు. ఎనిమిది నాలుగు కంటే పెద్దది కాబట్టి ఎనిమిదో వంతు నాలుగో వంతు కంటే పెద్దది అనుకుంటారు. చెప్తే వినరు. మానిక నిండా బియ్యం పోసి, తవ్వలతో ఒకసారి, సోలలతో ఒకసారి ఖాళీ చేయించండి. ఎక్కువ సార్లు ముంచితే చిన్న కొలత అని చేతికి తెలుస్తుంది. పలాస వైపు చుట్టాలుంటే జీడిపప్పు గ్రేడు కూడా చూపించండి, 240 రకం పెద్ద పప్పు, 320 రకం చిన్నది, ఎందుకంటే ఆ అంకె ఒక పౌండు బరువుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో చెప్తుంది.

ఇంకొక్కటి. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టడం, ఏడు అంటే ఏడుపు వినపడుతుందని ‘ఆరున్నొకటి’ అనడం మీకు తెలిసే ఉంటుంది. అలాగే కొలిచి చూపించండి. లాభం, రెండు, మూడు, అంటూ వెళ్ళి ఆరున్నొకటి దగ్గర ఆగితే అమ్మాయి ఎందుకు తాతా అని అడుగుతుంది. చెప్పాక, పదిహేడుకి కూడా ఏడుపు లేని పేరు నువ్వే కట్టు అనండి. ఏం కట్టిందో, మీ ఊరి కొలతల్లో నేను రాయని మాటలు ఇంకేమైనా ఉంటే అవీ, అమ్మాయి చేతే ఒక కార్డు రాయించి పంపండి.